దాల్, అలిఫ్, వావ్, దాల్

ఇర్బిద్‌లో, బేకరీ పైన, రెండో అంతస్తులో నా స్టూడియో.
స్టూడియో అంటే మరేం లేదు:
ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను,
కింది పొయ్యి సెగకి ఏడాది పొడుగునా వెచ్చగా ఉండే నేల.

జూలై వచ్చిందంటే ఊరి నిండా పెళ్లిళ్లే.
ఫోటోలు సంచుల్లో వస్తాయి, ఫోన్లలో వస్తాయి,
ఒకసారి బిస్కెట్ డబ్బాలో కూడా వచ్చాయి.
వరసగా పేర్చి, కింద పాట పరిచి,
పైన పేర్లు ఎగరేస్తాను.
పేర్లు ఎగరాల్సిందే. లేకపోతే డబ్బులివ్వరు.
మెరుపు పొడి రాలాలి, గులాబీ రేకుల్లా విచ్చుకోవాలి,
కనపడని చెయ్యెవరిదో బంగారు సిరాతో రాస్తున్నట్టుండాలి.

ఈ పొడులూ రేకులూ తయారుచేసినవాళ్లెవరో
మా రాత చూసినట్టు లేరు.
వాళ్ల అక్షరాలు క్యూలో నిలబడ్డ మనుషులు,
ఎవరి జాగా వాళ్లది.
మావి దబ్కే ఆడేవాళ్లు,
చెయ్యీ చెయ్యీ పట్టుకుని కుడి నుంచి ఎడమకి.
'ఒక్కో అక్షరం' అన్న మీట నొక్కానా,
పట్టు వదిలేసి, ఎవరి తోక వాళ్లు బయటపెట్టి
పోట్లాడుకున్న అన్నదమ్ముల్లా ఎడంగా నిలబడతాయి.
పైగా ఎడమ నుంచి మొదలు.
తోక ముందొచ్చి, తల ఆఖర్న.

గురువారం పెళ్లికూతురి అక్క ఇతిదాల్ వచ్చింది.
చెల్లెలి పేరు సల్సబీల్.
ఆరక్షరాలు, ఆరూ కలిసే రకం.
కలం ఎత్తకుండా రాసేయొచ్చు,
చుక్కలు తర్వాత పెట్టుకోవచ్చు.
తెచ్చిన ఫోటోలు రెండు వందల పన్నెండు.
మేనత్తలు, మేనత్తల ఒళ్లో పిల్లలు,
అంచున సగం తెగిపోయిన ఒక మామయ్య.
ఒక్కదాంట్లోనూ ఆ పిల్ల ఒంటరిగా లేదు,
ఎవరిదో ఒక మోచెయ్యి ఉండనే ఉంది.

సాయంత్రం పెళ్లికొడుకు తనే వచ్చాడు.
దావూద్. టైల్స్ వేసే పని, గోళ్ల చుట్టూ తెల్ల సిమెంటు.
తొమ్మిది ఫోటోలు.
ఒకటి గుర్తింపు కార్డుది.
ఒకటి ఫుట్‌బాల్ జట్టుది. అందులో అతను గోల్‌కీపరు,
మిగతా పదిమందికీ రెండడుగులు ఎడంగా.
"మిగతావి?" అన్నాను.
"ఇవే," అన్నాడు.
అడగకూడనిది అడిగాననిపించి స్క్రీన్ వైపు తిరిగాను.

అతని పేరు కొట్టాను.
దాల్. అలిఫ్. వావ్. దాల్.
ముప్పై ఏళ్లుగా రాస్తున్న రాత,
ఇప్పటిదాకా కంటపడలేదు:
నాలుగూ ఎడమ పక్కవాడికి చెయ్యివ్వని అక్షరాలే.
ఎక్కడా సంధి కుదరదు.
మీట నొక్కితే తెగడానికేం లేదు కనక
ఒక్కోటీ విడిగా, దెబ్బ తగలకుండా దిగింది.

సల్సబీల్‌కి మాత్రం రాత్రంతా పట్టింది.
పేరు మొత్తాన్ని ఒకే ముద్ద చేసి
పైన నల్ల పరదా కప్పి
ఆ పరదాని కుడి నుంచి వెంట్రుకవాసి చొప్పున లాగాను.
ఆ పేరుకి అర్థం ఊట.
ఎండిన కాలువకి నీళ్లొదిలినట్టే వచ్చింది.
చుక్కలు మూడే, మూడూ గీత కిందే,
చివర్న ఒక్కొక్కటీ రాల్చాను.
అప్పటికి కింద తొలి వాయి రొట్టెలు కాలుతున్నాయి.

ఇక రెండు పేర్ల మధ్యా 'వ'.
ఇద్దర్నీ కలిపే మాట మాకు ఒకే ఒక్క అక్షరం,
అదీ వావే, అదీ ముందుకు చెయ్యి చాపదు.
బంగారు తీగ ఒకటి గీసి బలవంతంగా ముడేశాను.
మర్నాడు దావూద్ చూసి, కాసేపు చెవి గోక్కుని,
"టైలుకీ టైలుకీ మధ్య సందొదలాలక్కా,
లేకపోతే ఎండకి ఉబ్బి పైకి లేచిపోతాయి," అన్నాడు.
తీగ చెరిపేశాను.

హాల్లో ల్యాప్‌టాప్ పాతది.
దాల్ వచ్చింది. అలిఫ్ వచ్చింది. వావ్ వచ్చింది.
అక్కడ ఆగిపోయింది.
ఫ్యాను రొద. నా వీపు మీద చెమట.
నాలుగు సెకన్లు, ఐదు...
అదీ నా పనితనమే అనుకున్నారు జనం.
మేనత్తలు, ఆ రెండు వందల పన్నెండు ఫోటోల మేనత్తలు,
నాలుకలాడిస్తూ ఒక్క పెట్టున జగారీద్ ఎత్తుకున్నారు,
రాని అక్షరాన్ని రమ్మని పిలుస్తున్నట్టు.

దిగింది.

ఇప్పుడు వచ్చేవాళ్లంతా ఆ ఆగడమే కావాలంటున్నారు.
దానికి ఐదు దీనార్లు ఎక్కువ తీసుకుంటున్నాను.